పాత యంత్రం చేసిన ఆఖరి లెక్క

మహమ్మారి సద్దుమణిగి కార్యాలయాలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ మొదట్లో, సంచాలకుల కార్యాలయం నుంచి నాకు రెండు ఉత్తర్వులు ఒకే కవరులో వచ్చాయి. కొత్తగా కొన్న గణన యంత్రాన్ని పరీక్షించి స్వీకరించవలసిందని మొదటిది. ఏళ్ల తరబడి నడిచిన పాత యంత్రాన్ని ఆపివేసి గది ఖాళీ చేయవలసిందని రెండవది. అప్పటికి నేను బెంగళూరులోని ఒక పరిశోధనా సంస్థలో గణన కేంద్రం బాధ్యతలు చూసే సాంకేతికాధికారిణిని. పదవీ విరమణకు ఎంతో దూరంలో లేను. రెండు ఉత్తర్వులూ అమలు కావాలంటే నా సంతకమే కావాలి. ఆ రెండు సంతకాలు పెట్టేలోగా జరిగిన సంగతిని, అప్పట్లో రాసిపెట్టుకున్న దినచర్య పుస్తకాలను దగ్గర పెట్టుకుని ఇప్పుడు వివరిస్తున్నాను. ఇందులో నా కోపం కొంత కనిపిస్తుంది. దానికంటే ఎక్కువగా, ముగ్గురికి నేను పడిన రుణం కనిపించాలని నా కోరిక.

ముందుగా మా హోదాల సంగతి చెప్పాలి. మా సంస్థలో ఆచార్యులది ఒక శ్రేణి, సాంకేతికాధికారులది మరొక శ్రేణి. ఏ లెక్క చేయాలో నిర్ణయించేది ఆచార్యులు, వారి వద్ద డాక్టరేటు చేసే పరిశోధక విద్యార్థులు. యంత్రాన్ని చల్లగా, నిలకడగా నడిపి, వరుసలో నిలిచిన లెక్కలన్నింటికీ వంతుల ప్రకారం సమయం అందేటట్లు చూసేది మేము. లెక్కలోని శాస్త్రం మీద మాట్లాడే అధికారం మాకు లేదు. అయితే యంత్రం కారణంగా లెక్క తప్పలేదని ధ్రువీకరించవలసింది మేమే. చిన్న అధికారం, పెద్ద బాధ్యత. ఈ అమరిక ఎవరు కనిపెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్త యంత్రాన్ని స్వీకరించే పద్ధతి ఇది. పాత యంత్రం మీద చేసి, ఫలితం తెలిసిన ఒక పెద్ద లెక్కను కొత్త యంత్రం మీద మళ్లీ చేయిస్తాం. రెండు ఫలితాలూ ఒప్పుకోదగిన మేరకు కలిస్తే మొదటి గండం గడిచినట్లు. తరువాత యంత్రాన్ని కొన్ని వారాలపాటు నిండు భారంతో, ఎక్కడా ఆగకుండా నడపాలి. రెండూ నెగ్గితేనే సంతకం.

పరీక్షకు నేను ఎంచుకున్నది కెజియా లెక్క. కెజియా అయిదో ఏడాది పరిశోధక విద్యార్థిని. గుంటూరు వైపు అమ్మాయి. తల్లి అక్కడ ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయి లెక్క మా సంస్థలో అందరికీ తెలిసినది. ఎందుకంటే దాని బొమ్మను నిలువెత్తున అచ్చు వేయించి ముఖద్వారం గోడకు అతికించారు. నీలిరంగు సముద్రంలో ఎర్రటి దీవిలా ఉండే ఆ బొమ్మ ముందు అతిథులు ఫొటోలు దిగేవారు.

ఆ దీవి ఏమిటో చెప్పాలి. ప్రతి జీవకణం చుట్టూ పలుచని పొర ఒకటి ఉంటుంది. అది లిపిడ్లనే కొవ్వు జాతి అణువులు రెండు వరుసలుగా పేర్చుకోగా ఏర్పడినది. ఆ లిపిడ్లలో రకాలున్నాయి. కొన్ని బిగువైనవి, కొన్ని వంకర తోకలతో వదులుగా మెలిగేవి. మధ్యలో కొలెస్టరాల్ ఉంటుంది. అన్నీ పొర నిండా కలిసిపోయి తిరుగుతాయా, లేక బిగువైనవి కొలెస్టరాల్‌తో కలిసి ఒకచోట గుమిగూడతాయా? అలా గుమిగూడిన ప్రాంతాన్నే డొమైన్ అంటారు; బొమ్మలోని ఎర్రటి దీవి అదే.

నేను పుట్టి పెరిగింది బెంగళూరు పాత ఊరిలోని కాటన్‌పేటలో. మా తాతల కాలం నుంచి మాది బట్టల టోకు వ్యాపారం. పాత పేటలో ఏ వీధికి ఆ సరుకు: ఒకచోట బట్టలు, ఒకచోట ఇత్తడి, ఒకచోట కాగితం, ఒకచోట అగరుబత్తి. కెజియా తన పని గురించి మొదటిసారి నాకు వివరించినప్పుడు నేను మా పేటనే తలుచుకున్నాను. వ్యాపారులు తమ లాభం చూసుకుని తామే ఒకచోట చేరారా, లేక ఏ దొరవారో గీత గీసి అక్కడే ఉండమన్నారా? వీధిని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ మాట అంటే కెజియా నవ్వి, “మేడమ్, నా థీసిస్ మొత్తం మీ పేటలోనే ఉందండీ” అన్నది. అంత నిజమని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఆమె లెక్కలో అణువులు నిజమైనవి కావు. ఒక్కో లిపిడ్‌ను కొన్ని పూసల దండగా కుదించి, పూసల మధ్య లాగుడు, తోపుడు ఎంత ఉంటుందో సూత్రాలలో రాసి, యంత్రానికి ఇస్తారు. యంత్రం అన్ని పూసల మీది బలాలను లెక్కకట్టి, అన్నింటినీ కాలంలో ఒక చిన్న అంగ ముందుకు జరుపుతుంది. మళ్లీ లెక్క, మళ్లీ అంగ. కోట్ల అంగల తరువాత గానీ పొరలో ఏం జరిగిందో తెలియదు. అంగ పొడవు పెంచితే లెక్క త్వరగా ముగుస్తుంది. మరీ పెంచితే పూసలు ఒకదాని మీదికొకటి దూకి, బలాలు అనంతమై, లెక్క ఆగిపోతుంది. దాన్ని మా భాషలో ‘పేలిపోవడం’ అంటారు. పొర ఉష్ణోగ్రత చెదరకుండా చూసేందుకు లెక్కలోనే ఒక కాపలా సూత్రం ఉంటుంది. అది మొత్తం పొర సగటును చూసి, చల్లబడితే కాస్త వేడి, వేడెక్కితే కాస్త చలువ ఇస్తుంది.

శరీరపు ఉష్ణోగ్రత వద్ద కూడా డొమైన్ ఏర్పడుతుందని కెజియా లెక్క చెప్పింది. అదే భవనంలో పై అంతస్తున సూక్ష్మదర్శిని ప్రయోగశాల ఉంది. అదే మిశ్రమాన్ని అదే ఉష్ణోగ్రతలో వాళ్లు చూస్తే ఏమీ కనబడలేదు. కెజియా మార్గదర్శకులు ఆచార్య నరహరి గారి సమాధానం ఒకటే: ఈ డొమైన్లు చాలా చిన్నవి, సూక్ష్మదర్శినికి అందవు. వాదన శాస్త్రబద్ధమైనదే. కాని కనబడకపోవడాన్నే రుజువుగా చెప్పుకునే వాదన అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. అది నా శ్రేణికి మించిన మాట కనుక దినచర్యలో రాసుకుని ఊరుకున్నాను.

కొత్త యంత్రం విషయంలో నేనొక నియమం పెట్టాను. పాత ఖాతాలు, పాత సెట్టింగులు, పాత ఆదేశాల ఫైళ్లు ఎవరూ మోసుకురాకూడదు. ప్రతివారూ కొత్తగా మొదలుపెట్టి, ప్రతి పంక్తీ తెలిసి రాయాలి. ఒక ప్రయోగశాలలో సెట్టింగుల ఫైలు పెద్దవాళ్లు చిన్నవాళ్లకు అప్పజెప్పే వంశపారంపర్య ఆస్తి వంటిది. ఎవరో ఎప్పుడో ఎందుకో రాసిన పంక్తి, రాసినవారు వెళ్లిపోయాక కూడా, అడిగే దిక్కు లేక నడుస్తూ ఉంటుంది. నా నియమానికి విద్యార్థులు ‘మేడమ్ గారి మడి’ అని పేరు పెట్టారు. కెజియా మాత్రం నా గదికి వచ్చి, “మడి అంటే మాకు తెలీదు మేడమ్. మేం బాప్తిస్మం అంటాం. పాతవన్నీ నీళ్లలో వదిలేసి లేవడమే కదా, లేస్తాం లెండి” అన్నది.

యంత్రాన్ని అమ్మిన కంపెనీ తరఫున ఇంతియాజ్ అనే ఇంజనీరు వచ్చేవాడు. కర్నూలు అబ్బాయి. కాపురం హూడిలో. రోజూ ఊరు అడ్డంగా దాటి రెండు బస్సులు మారి వచ్చినా మొహం మీద చిరాకు ఉండేది కాదు. కెజియా లెక్కను కొత్త యంత్రం మీదికి ఎక్కించిన పూటే అది పేలిపోయింది. మళ్లీ ఎక్కించారు. మళ్లీ పేలింది.

నాకు కోపం వస్తే కాటన్‌పేట భాష దానంతటదే వస్తుంది. “ఏమప్పా ఇంతియాజ్, నీ మిషను బాగుండాదా లేదా, ఒక్క మాట చెప్పు” అన్నాను.

“మిషన్ రాయిలాగుంది మేడమ్. మీ లెక్కే పటాకీలాగా పేలతాంది. ఈ లాగ్ చూడండి, వార్నింగ్ మీద వార్నింగ్ కొడ్తాంది.”

యంత్రం తన పనిని తానే రాసుకునే ఆ చిట్టాలో హెచ్చరికలన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. కొలెస్టరాల్ అణువు గట్టి పలక వంటిది కనుక, దాని పూసల మధ్య దూరాలు మారకూడదని లెక్కలో కడ్డీలు బిగించి ఉంటారు. ప్రతి అంగ తరువాత, కాస్త జరిగిన కడ్డీలను యంత్రం పదేపదే సవరించి మళ్లీ అసలు పొడవుకు తేవాలి. అంగ పొడవు ఎక్కువగా, సవరణలు తక్కువగా ఉండడంతో కడ్డీలు కుదురుకోవడం లేదు. ఇంతియాజ్ అంగను సగానికి తగ్గించి, సవరణలు పెంచి నడిపించాడు. ఈసారి ఒక్క హెచ్చరిక లేకుండా లెక్క ముగిసింది. తెర మీద చూస్తే ఎరుపు, నీలం చెట్టాపట్టాలు వేసుకుని పొర నిండా తిరుగుతున్నాయి. డొమైన్ లేదు.

మరునాడే నరహరి గారు సంచాలకులకు లేఖ రాశారు. కొత్త యంత్రం ప్రసిద్ధమైన ఫలితాన్ని రాబట్టలేకపోయింది కనుక స్వీకరించవద్దని. గోడ మీద ఉన్న బొమ్మ తప్పు కావచ్చునన్న ఆలోచన ఆ రోజు భవనంలో ఎవరికీ రాలేదు. నిన్న వచ్చిన యంత్రం తప్పు కావచ్చునన్న ఆలోచన అందరికీ వచ్చింది. కంపెనీవారు ఇంతియాజ్‌ను ఫోనులో నిలదీశారు. ఉద్యోగం మీదికి వచ్చిందని అతని మొహమే చెప్పింది.

అయితే అతను తెలివైనవాడు. పాత యంత్రంలోని కెజియా ఖాతా తెరిపించి, అదే లెక్క అక్కడ ఎందుకు పేలలేదో వెతికాడు. లాగిన్ అయినప్పుడల్లా దానంతటదే నడిచే ఆదేశాలలో ఒక పంక్తి దొరికింది. కడ్డీలు కుదరకపోయినా పట్టించుకోవద్దు, ఆగవద్దు అని యంత్రానికి చెప్పే పంక్తి అది. కెజియా రాసినది కాదు. ఆమెకు ముందరి విద్యార్థి రాసినది కూడా కాదట. ఆ ప్రయోగశాలలో అందరి ఖాతాలలోనూ అది ఉంది. నా ‘మడి’ కారణంగా కొత్త యంత్రంలోకి రాలేదు, అంతే.

ఇంతియాజ్ ఆ పంక్తిని కొత్త యంత్రంలో చేర్చి, పాత అంగతోనే లెక్క నడిపించాడు. ఎర్రటి దీవి ప్రత్యక్షమైంది.

“అయిపాయె మేడమ్! బొమ్మ వచ్చేసింది. రెండు మిషన్లు ఒకటే. మీరు సంతకం పెట్టేస్తే నేను ఇంటికి పోయి పండుకుంటా.”

నరహరి గారు లేఖ వెనక్కి తీసుకున్నారు. గణన కేంద్రపు సలహా సంఘం కూడా సంతృప్తి ప్రకటించింది. ఆచార్యుల మాట నిలబడింది, కంపెనీ పరువు నిలబడింది, కెజియా థీసిస్ నిలబడింది. నా సంతకం ఒక్కటే మిగిలింది.

నేను పెట్టలేదు. ఒకే యంత్రం, ఒకే పొర. హెచ్చరికలు వింటే ఒక జవాబు, వాటి నోరు మూస్తే మరో జవాబు. రెండింటిలో ఏది సరైనదో తెలియకుండా, ‘ఫలితాలు కలిశాయి’ అని ఏ కలంతో రాయను? పైగా మొదటి పరీక్షలో రెండు సంగతులు ఒకేసారి మారాయి: యంత్రమూ మారింది, అంగా మారింది. ఒకసారికి ఒకటే మార్చాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. మిగిలిన పరీక్ష ఒక్కటే. చిన్న అంగతో, హెచ్చరికలు వింటూ, అదే లెక్కను పాత యంత్రం మీద నడపాలి. అక్కడ డొమైన్ వస్తే కొత్త యంత్రంలో దోషం ఉన్నట్లు. రాకపోతే దోషం డొమైన్‌లో ఉన్నట్లు.

సలహా సంఘం నిరాకరించింది. ‘ఇదివరకే చేసిన లెక్కను మళ్లీ చేయడం’ అని ఒక్క వాక్యంలో తేల్చారు. పాత యంత్రానికి విద్యుత్తు ఆపే గడువు కూడా దగ్గరపడిందన్నారు. ఆ వాక్యం చదివినప్పుడు వచ్చిన కోపం ఇది రాస్తుండగా మళ్లీ వస్తోంది. మళ్లీ చేయగలగడమే కదా విజ్ఞానశాస్త్రానికీ వేలంవెర్రికీ తేడా! మళ్లీ చేయడం దుబారా అని శాస్త్రవేత్తలే సంతకాలు చేసిన కాగితం మా కార్యాలయంలో ఉండడం సిగ్గుచేటని సంచాలకులకు మూడు పుటల నివేదిక పంపాను. జవాబు రాలేదు. అప్పుడు నాకు ఉన్న చిన్న అధికారం గుర్తుకు వచ్చింది. పాత యంత్రం ఆగాలంటే నా సంతకం కావాలి. అదీ పెట్టను అని కూర్చున్నాను.

కాని పాత యంత్రం మీద ఆ లెక్కను ఎక్కించవలసింది కెజియా. ఖాతా ఆమెది, వంతు ఆమెది. మరొకరి వంతు మీద లెక్క నడిపే హక్కు నాకు లేదు. ఆమె పరిస్థితి నాకు తెలుసు. ఫెలోషిప్ గడువు ఆ ఏడాది చివరికి ముగుస్తుంది. థీసిస్‌లో నడిమి అధ్యాయం ఆ డొమైనే. దాని మీద రాసిన వ్యాసం ఒక పత్రికలో పరిశీలనలో ఉంది. లెక్క ఎక్కించకపోతే ఆమెను ఎవరూ ఏమీ అనరు. ఆచార్యుల ఆమోదమే ఉంది కదా.

ఆమెను పిలిచి ఇదంతా చెప్పాను. యంత్రం పరీక్షకు మరొకరి లెక్కను కూడా వాడుకోగలనని, ఆమెను బలవంతపెట్టేవారు ఎవరూ లేరని స్పష్టంగా చెప్పాను.

ఆమె నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. తరువాత అడిగింది: “మేడమ్, ఈ రన్ చేస్తే నా థీసిస్ పోద్దేమో కదండీ?”

“పోవచ్చు తల్లీ.”

“చేయకపోతే?”

“నీకు పట్టా వస్తాది. గోడ మీద బొమ్మా ఉంటాది.”

ఆ అమ్మాయి కిటికీలోంచి ముఖద్వారం వైపు చూసింది. ఎవరో ఆ బొమ్మ ముందు నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. “దాన్ని చూడలేక ఈ వారం రోజులుగా వెనక గుమ్మం నుంచి వస్తున్నా మేడమ్. ఎక్కిస్తాను” అన్నది. గుమ్మం దాకా వెళ్లి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చింది.

“ఇంకోటి మేడమ్. మనం టెంపరేచర్ మొత్తానికి సగటే చూస్తున్నాం కదా. మా అమ్మ వార్డులో అందరి జ్వరానికీ సగటు తీయదండీ. మంచం మంచానికీ తీస్తాది. నేను కూడా రకం రకానికీ విడివిడిగా రాయించుకుంటా.”

పరీక్ష చేయాలన్న పట్టుదల నాది. పరీక్షలో ఏం చూడాలో తట్టినది ఆమెకు. ఈ తేడాను స్పష్టంగా నమోదు చేయడం నా విధి, ఎందుకంటే తరువాత కొందరు ఆ గొప్ప నాకు అంటగట్టారు.

పాత యంత్రం నెమ్మదస్థురాలు. అంగ సగం కావడంతో పని రెట్టింపైంది. దాని వరుసలో అప్పటికి ఇంకే లెక్కా లేదు. అందరూ కొత్త యంత్రం వైపు చూస్తున్నారు. ఆ పెద్ద గదిలో ఫ్యాన్లన్నీ ఒక్క లెక్క కోసం హోరెత్తాయి. ఇంతియాజ్‌కు దీనితో సంబంధం లేదు, అతని యంత్రం పక్క గదిలో ఉంది. అయినా రోజూ వచ్చి, పాతదాని అరలు తెరిచి, దుమ్ము పట్టిన గాలి జల్లెడలు శుభ్రం చేసేవాడు. పోటీ కంపెనీ సరుకుకు ఎందుకప్పా ఈ సేవ అని అడిగితే, “పెద్దమ్మ మేడమ్. సాక్ష్యం చెప్పేదాకా బతకల్ల గదా” అన్నాడు.

సాక్ష్యం వచ్చింది. పాత యంత్రం మీద కూడా డొమైన్ ఏర్పడలేదు. కొత్త యంత్రం చెప్పినదే పాతదీ చెప్పింది. ఇక కెజియా విడివిడిగా రాయించుకున్న ఉష్ణోగ్రతలు. సరైన లెక్కలో అన్ని రకాల అణువులూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి. తరువాత ఆమె బొమ్మకు ఆధారమైన పాత లెక్కను తవ్వి తీసి, అందులోనూ రకాలవారీగా చూసింది. మొత్తం సగటు శరీరపు ఉష్ణోగ్రతే. కాని కొలెస్టరాల్ చల్లగా, మిగిలినవి వేడిగా ఉన్నాయి. కుదరని కడ్డీల దగ్గర వేడి నష్టమవుతూ ఉంది. కాపలా సూత్రం సగటును మాత్రమే చూసి, ఆ లోటును అందరికీ సమానంగా పంచుతూ ఉంది. చల్లబడిన కొలెస్టరాల్ చుట్టూ బిగువైన లిపిడ్లు గడ్డకట్టినట్లు చేరాయి. పేటలో వ్యాపారులు తామై చేరలేదు. గీత గీసినది మేమే.

ఆ కాగితాలతో ఇద్దరం నరహరి గారి గదికి వెళ్లాం. ఆయన కాగితాలు రెండుసార్లు చదివారు. దీవి ముందే ఏర్పడి ఉన్న పొరతో లెక్క మొదలుపెట్టి చూశావా అని కెజియాను అడిగారు. చూశానని, దీవి మెల్లగా కరిగిపోయిందని ఆమె చెప్పింది. ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను వాదనకు సిద్ధపడి, చెప్పవలసినవి వరుసగా రాసుకుని వెళ్లాను. ఒక్కటీ అవసరపడలేదు. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, మా ఎదుటే పత్రికకు ఉత్తరం రాసి వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. కిందికి దిగి యంత్రం గదికి వచ్చి, ఇంతియాజ్ ముందు నిలబడి కన్నడంలో, “నిమ్మ మెషీన్ సరియాగిదె. తప్పు నందు” అన్నారు. మీ యంత్రం సరిగ్గానే ఉంది, తప్పు నాది అని. ఆయనంతటి హోదా ఉన్న మనిషి ఒక కంపెనీ ఇంజనీరుతో ఆ మాట అనడం నా ఉద్యోగ జీవితంలో అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు. ఆయన మీద నాకున్న ఫిర్యాదులలో చాలావాటిని ఆ రోజు కొట్టివేశాను.

ఇక కెజియా నడిమి అధ్యాయం. గడువు పొడిగించమని నరహరి గారు కోరారు. నియమాలు ఒప్పుకోవని విద్యావిభాగం చెప్పింది. ఉన్న కొద్ది నెలలలో, చిన్న అంగతో, ఎన్నో ఉష్ణోగ్రతల వద్ద లెక్కలన్నీ మళ్లీ చేయాలి. ఆమె వంతు సమయం అందుకు ఏ మూలకూ చాలదు.

ఇక్కడ నా పద్ధతుల పుస్తకం పనికివచ్చింది. కొత్త యంత్రాన్ని కొన్ని వారాలు నిండు భారంతో నడపాలని మొదట్లో చెప్పాను. ఆ భారం కోసం కంపెనీలు మామూలుగా అర్థం లేని ఉత్తుత్తి లెక్కలు నింపుతాయి. ఎవరికీ అక్కరలేని జవాబుల కోసం అంత విద్యుత్తు తగలేయడం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. భారం నిండుగా ఉండాలని ఒప్పందంలో ఉంది గాని, అది ఉత్తుత్తిదే కావాలని ఎక్కడా లేదు. ఇంతియాజ్‌ను అడిగాను. ఏదైనా లెక్క పేలితే యంత్రం ఓడినట్లు రాస్తారు, అతనికే నష్టం. అతను కెజియా వైపు తిరిగి, “అక్కా, నీ లెక్కలు పేలవు గదా?” అన్నాడు.

“వార్నింగులు వింటున్నా తమ్ముడూ ఇప్పుడు” అన్నది ఆమె.

అన్ని వారాలూ కొత్త యంత్రమంతా ఆమె పొరలతో నిండింది. ఒక్కటీ పేలలేదు. సరైన లెక్కలో కూడా డొమైన్లు ఏర్పడతాయని తేలింది. అయితే శరీరపు ఉష్ణోగ్రత కంటే బాగా కింద. థీసిస్ దాఖలుకు ముందు జరిగే సదస్సులో ఆమె, ఒక పక్క పాత బొమ్మ, మరొక పక్క రకాలవారీ ఉష్ణోగ్రతలు చూపించి, మొదట పొరపాటును, తరువాత సవరించిన ఫలితాన్ని వివరించింది. పై అంతస్తు సూక్ష్మదర్శిని ప్రయోగశాల ఆచార్యురాలు లేచి నిలబడ్డారు. అందరూ ఏం దాడి జరుగుతుందో అనుకున్నారు. “కళ్లద్దాలు మార్చుకోమని ఇన్నాళ్లు మాకు సలహాలు ఇచ్చారు. థాంక్యూ కెజియా, ఆ ఖర్చు తప్పింది” అన్నారామె. సభ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవారు నరహరి గారు. గడువులోపలే థీసిస్ దాఖలైంది. ఇప్పుడు ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరేవారందరూ ముందుగా చదవవలసినది ఆ అధ్యాయమే.

స్వీకార పత్రం మీద సంతకం చేశాను. పాత యంత్రాన్ని ఆపే పత్రం మీదా చేశాను. మీట నొక్కమని కెజియాను పిలిచాను. తన అత్యంత ప్రసిద్ధమైన ఫలితాన్ని తానే కొట్టివేసి ఆగిన యంత్రం అది. ఏ పరికరానికైనా అంతకంటే గౌరవంగా సేవ ముగించడం సాధ్యం కాదని నా దినచర్యలో రాసుకున్నాను.

గోడ మీది బొమ్మను తీసివేయమని మూడుసార్లు రాశాను. చూడముచ్చటగా ఉంది, ఖర్చు పెట్టి వేయించాం, ఉండనివ్వండి అని పాలనా విభాగం జవాబిచ్చింది. నేను పదవీ విరమణ చేసిన రోజున కూడా అది అక్కడే ఉంది. దాని ముందు ఫొటోలు దిగడం ఆగలేదు.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది ఇంత. సగటు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపల అంతా సరిగ్గా ఉన్నట్లు కాదు. రకం రకానికీ విడిగా చూడాలి. హెచ్చరికను ఆపే పంక్తి ఎక్కడ ఉంటే పరిశీలన అక్కడి నుంచే మొదలుకావాలి. కొత్త యంత్రమూ పాత ఫలితమూ కలవనప్పుడు, దేనికి ఎక్కువ మర్యాద ఉన్నదో చూడకుండా, రెండింటినీ ఒకే షరతుల కింద నడపాలి. ఈ మూడింటినీ నా తరువాతి అధికారికి అప్పగింత పత్రాలలో నియమాలుగా రాసి ఇచ్చాను. నాలుగవదాన్ని నియమంగా రాయలేకపోయాను. ఫలితం వల్ల ఎవరికి నష్టం జరగగలదో, ఆ మనిషే పరీక్షను నడిపితే దాన్ని శంకించేవారు ఉండరు. దాన్ని ఎవరూ ఆదేశించలేరు. మా దగ్గర అది జరిగిందంటే, కెజియా ఒప్పుకున్నందువల్ల జరిగింది.